సభ్యులు ఐదుగురు

వార్డు సచివాలయం గోడకి అంటించిన జాబితాలో త్రిపురసుందరికి తన పేరు వెంటనే దొరికింది. దొరకనిది మంగాయమ్మ పేరు. ఒక్కో వరస మీదా వేలు పెట్టుకుంటూ మూడో కాగితం చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చింది. "కాస్త జరగండి మామ్మగారూ, మేమూ చూసుకోవాలి" అని వెనకాల వాళ్లు అంటున్నా జరగలేదు. ఆవిడకి చదువు బళ్లో వచ్చింది కాదు. తండ్రి కాలవల ఆఫీసులో చిన్న గుమాస్తా. ఏ ఊళ్లోనూ మూడేళ్లు నిలవనిచ్చేవారు కాదు. ఒక బళ్లో అక్షరాలు పట్టుబడేలోపు సామాను బండికెక్కేది. చల్లపల్లిలో ఉండగా పచారీ పొట్లాలు విప్పి, ఆ కాగితాలు కూడబలుక్కుంటూ తనంతట తనే నేర్చుకుంది. అలా నేర్చుకున్న కళ్లతో మొదటిసారి పూర్తిగా చదివింది తండ్రికొచ్చిన బదిలీ ఉత్తర్వు. ఆనాటి నుంచీ అచ్చు కాగితం ఏది చూసినా ఆవిడకి ముందు సామాను సర్దడమే గుర్తొస్తుంది.

తన పేరు పక్కన ఇలా ఉంది: పై అంతస్తు, సభ్యులు ఐదుగురు, పదివేలు.

బుడమేరు వాగు పొంగి కాలనీ మునిగినప్పుడు ప్రభుత్వం ప్రకటించిన సాయం అది. నీళ్లు నిండిన కింది ఇంటికి ఇరవై ఐదు వేలు, పై అంతస్తు ఇంటికి పదివేలు. మేడ మీద ఉండేది త్రిపురసుందరి, భర్త జానకిరామయ్య. ఇద్దరే. కింద అద్దెకుండేది మంగాయమ్మ, కొడుకు మణికుమార్, కోడలు గంగాదేవి. ముగ్గురు. కింది ముగ్గుర్నీ కాగితం మీద మేడెక్కించి ఐదుగురు చేసిందెవరో త్రిపురసుందరికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ మాట అన్నది తనే.

జాబితా అడుగున మరో వరస ఉంది. అభ్యంతరాలుంటే రేపు సాయంత్రం ఐదింటిలోపు.

ఆవిడ గొడుగు మూసి, ఎండలోనే ఇంటిదారి పట్టింది.

నీళ్లొచ్చింది ఆదివారం. పాలు పోయించుకుందామని దిగిన జానకిరామయ్య మాస్టారు మూడో మెట్టు మీదే ఆగిపోయారు. రెండో మెట్టు మీద నీళ్లున్నాయి. ఆయన లెక్కల మాస్టారు కాబట్టి అక్కడే నిలబడి గడియారం చూసుకుని, ఇంకో పావుగంటకి మూడో మెట్టు మునుగుతుందని చెప్పారు. మునిగింది. కింద నుంచి గంగాదేవి కుట్టుమిషను తల విప్పుకుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు చంకన పెట్టుకొచ్చింది. స్టాండూ, కొత్తగా కొన్న మోటారూ కిందే ఉండిపోయాయి. మణికుమార్ ఆటోని చీరతో కిటికీ ఊచకి కట్టి వచ్చాడు. అందరికంటే వెనక మంగాయమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని, నడుంలోతు నీళ్లలోంచి తాపీగా ఎక్కింది. నాగాయలంక నుంచి సరుకు తెచ్చి ఇంటింటికీ అమ్మడం ఆవిడ వృత్తి. మూడు బస్తాలు నీళ్లపాలయ్యాయి. మిగిలింది ఆ గంప.

"గంప డాబా మీద పెట్టేస్తానండీ. వాసన మీదాకా రానివ్వను" అంది మంగాయమ్మ.

"అవి మేడెక్కాయి, అదే పదివేలు. మేమెక్కడికి పోతాం" అన్నారు మాస్టారు.

నాలుగు రోజులు కరెంటు లేదు. పడవల్లో పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు వచ్చేవి. ఆ పడవలు సముద్రపు వైపు ఊళ్ల నుంచి లారీల మీద తెప్పించినవి. ఒక పడవలో తెడ్డు పట్టుకున్న మనిషిని చూసి మంగాయమ్మ పిట్టగోడ మీదకి వంగి, "ఒరే ఎల్లారావూ, మీ అమ్మ మోకాళ్లు ఎట్టా ఉన్నయిరా" అని అడిగింది. అతను తలెత్తి, "నువ్వు మునిగిపోతా మా అమ్మ మోకాళ్ల సంగతి అడుగుతున్నావేందే అత్తా" అని రెండు పాల ప్యాకెట్లు ఎక్కువ విసిరాడు.

వారానికి నీళ్లు తీశాయి. ఫైరింజను వచ్చి కింది గదుల్లో బురద కడిగి వెళ్లింది. గోడలు మాత్రం చెయ్యి ఆనిస్తే తడి అంటేలా ఉండిపోయాయి. కింది వాళ్ల పొయ్యి పాడైంది, గ్యాస్ బండ ఏ వీధికి కొట్టుకుపోయిందో తెలియలేదు. పగలు కిందికి దిగి కడుక్కోవడం, తిండికీ పడకకీ పైకి రావడం, అలా సాగింది. త్రిపురసుందరి వంటింట్లో రెండు పొయ్యిల స్టవ్వు. ఒకదాని మీద ఆవిడ పప్పు, రెండోదాని మీద మంగాయమ్మ టీ. గంగాదేవి ఉప్పు డబ్బా ఎక్కడుందని అడగడం మానేసింది. మాస్టారికి కాఫీలో పంచదార ఎంతో మణికుమార్‌కి కూడా తెలిసిపోయింది. చేపలు వండకపోవడం మంగాయమ్మ తనంతట తను పెట్టుకున్న నియమం. ఆ నియమాన్ని ఆవిడ రోజుకోసారి పైకి గుర్తు చేసేది. "నా నాలిక చచ్చిపోయిందండీ, దానికి కూడా నష్టపరిహారం రాయించాలి."

సరిగ్గా ఆ రోజుల్లోనే కాలనీలో ఒక పుకారు పుట్టింది. అద్దెకున్న వాళ్లని, ఇల్లు ఎండని వాళ్లని, ఊరి చివర కల్యాణమండపాల్లో పెట్టిన శిబిరాలకి తరలిస్తారని. ఎవరు పుట్టించారో తెలియదు. ఇలాంటి మాట విన్నాక త్రిపురసుందరికి కంటి మీద కునుకుండదు. వార్డు సచివాలయం నుంచి నతానియేలు అనే కుర్ర ఉద్యోగి నష్టం రాసుకోవడానికి ఫోను పట్టుకుని మెట్లెక్కేసరికి కింది వాళ్లెవరూ ఇంట్లో లేరు. అత్తాకోడళ్లు ట్యాంకరు దగ్గర ఉన్నారు. మణికుమార్ ఆటో మెకానిక్కు దగ్గర ఉన్నాడు.

"ఇంట్లో ఎంతమంది ఉంటున్నారు మామ్మగారూ?"

"ఐదుగురం బాబూ."

"వంట ఎవరిది వాళ్లదా, అందరిదీ కలిపేనా?"

శిబిరానికి లెక్క తీస్తున్నారనుకుందావిడ. "కలిపే. అందరం ఒకటే" అంది.

అతను ఫోనులో కొట్టుకుని, ఆవిడ వేలిముద్ర తీసుకుని వెళ్లిపోయాడు. ఒక పెద్ద గండం తప్పించానన్న తృప్తితో ఆ మధ్యాహ్నం ఆవిడ గంటసేపు నిద్రపోయింది కూడా.

ఇప్పుడు ఇంటికొచ్చి గేటు తీస్తుంటే, గుమ్మంలో తుప్పు పట్టిన మిషను స్టాండుకి కిరసనాయిలు రాస్తూ గంగాదేవి తలెత్తింది.

"మా పేరు చూశారా మామ్మగారూ?"

"జనం విరగబడి ఉన్నారమ్మా. సరిగా చూళ్లేదు."

ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆవిడకే భయం వేసింది. గంగాదేవి అనుమానించలేదు. చెయ్యి తుడుచుకుంటూ దగ్గరకొచ్చింది. "మీకో మాట చెప్పాలి. కంకిపాడులో మా అక్క వాళ్ల వీధిలో రెండో అంతస్తులో రెండు గదులున్నయ్యంట. నెలాఖరు దాకా ఆపుతానన్నాడంట ఇంటాయన. ఈ డబ్బులు పడితే అడ్వాన్సు ఇద్దామని. అత్తకి ఇక్కడ భయం పట్టుకుందండీ. నాలుగు చినుకులు పడితే లేచి మంచం మీద కూర్చుంటుంది, కాళ్లు కింద పెట్టదు. మీకు చెప్పడానికి మొహం చాలక నన్ను చెప్పమంది."

"రెండో అంతస్తయితే మంచిదే" అంది త్రిపురసుందరి. అని, మెట్ల రెయిలింగు పట్టుకుని పైకెళ్లింది.

మాస్టారు పేపరు చదువుకుంటున్నారు. ఆవిడ గొడుగు మూల పెట్టి, జాబితా సంగతంతా చెప్పింది. ఆయన విన్నారు.

"చెప్తే చెప్పావు. రేపు వెళ్లి దిద్దించు."

"దిద్దిస్తే వాళ్లకి డబ్బొస్తుంది."

"రావాలనేగా?"

"వస్తే కంకిపాడు వెళ్లిపోతారు. గంగ ఇప్పుడే చెప్పింది."

ఆయన పేపరు మడిచారు. "అయితే ఇది వాళ్ల సమస్య కాదన్నమాట. నీ సమస్య" అన్నారు. మడిచిన పేపరు పక్కన పెట్టి లేచారు. నలభై ఎనిమిదేళ్లుగా ఆయన పద్ధతి అంతే. లెక్క ఎదురుగా పెట్టి తప్పుకుంటారు.

త్రిపురసుందరి బియ్యం ఏరడానికి కూర్చుంది. ఏమీ చెయ్యకుండా కూర్చుంటే చాలు. రేపు సాయంత్రం ఐదు దాటిపోతుంది. ఎవరూ తనని తప్పు పట్టరు. ఆఫీసు వాళ్లే పొరపాటు చేశారని కాలనీ అంతా అనుకుంటుంది. మంగాయమ్మ నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటుంది. కొన్నాళ్లకి గోడలు ఆరతాయి, వాళ్లు కిందికి దిగుతారు, పొద్దున్నే గేటు చప్పుడూ, "చేపలో" అని కేకా మామూలే. చిన్నప్పుడు ప్రతి ఊళ్లోనూ ఒక స్నేహితురాలు బండి వెనకాల కొంతదూరం వచ్చి ఆగిపోయేది. ఆ మొహాలన్నీ ఆవిడకి గుర్తే. పేర్లు కొన్ని పోయాయి. పెళ్లయ్యాక కింది వాటాలో ఎనిమిది కుటుంబాలు ఉండి వెళ్లాయి. ప్రతిసారీ ఆవిడ రెండు రోజులు అన్నం సయించక పడుకునేది. ఈ వయసులో ఇంకోసారి ఎందుకు?

బియ్యం ఏరడం అయిపోయింది. రాళ్లేమీ లేవు. అవి ప్రభుత్వం ఇచ్చిన సాయం బియ్యం, శుభ్రంగా ఉన్నాయి. మంగాయమ్మ కార్డు మీద వచ్చిన బస్తా అది. తమ బస్తా ఇంకా విప్పనేలేదు. తెచ్చిన రోజున మంగాయమ్మే అంది, ముందు నాది విప్పండి, మీ ఉప్పు తింటున్నాను అని. ఆ సంగతి గుర్తొచ్చాక త్రిపురసుందరి చేట పక్కన పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే డాబా ఎక్కింది. మంగాయమ్మ పాత చీర పరిచి, మిగిలిన చేపలు తిరగేస్తోంది.

"మంగాయమ్మా, నీ పేరు లిస్టులో లేదు."

"అదేందండీ. ఎదురింటి తెరేసమ్మ పేరుందంట. ఆవిడ గడప దాకా వచ్చి నీళ్లు మొహమాటపడి పోయినయ్యి."

"నా వల్లే." త్రిపురసుందరి నిలబడే అంతా చెప్పింది. ఒక్కటి కూడా దాచలేదు, నిన్న కోడలితో ఆడిన అబద్ధంతో సహా.

మంగాయమ్మ చేతిలో చేప అలాగే ఉంది. "అంటే గవర్నమెంటు కాగితంలో నేను మీ ఇంటి మనిషిని."

"ఆ."

"మీ వంటింట్లో మనిషిని."

"ఆ."

"ఈ గంపతో సహానా?"

త్రిపురసుందరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మంగాయమ్మ నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయి, మళ్లీ చేపలు తిరగేయడం మొదలుపెట్టింది. ఈసారి గబగబా.

"నవ్వొచ్చిందిగానీ సుందరమ్మగారూ, ఆ మోటారు నా కోడలు రెండేళ్లు జాకెట్లు కుట్టి కొనుక్కుంది. నన్ను శిబిరానికి తోలేస్తారని మీకెవరు చెప్పారు?"

"అందరూ అన్నారు."

"ఆ అందరిలో నేనున్నానా? కింద ట్యాంకరు దగ్గరే ఉన్నానుగా. ఒక కేకేస్తే పోయేది."

త్రిపురసుందరి చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "సాయంత్రం ఐదింటి దాకా గడువుంది. పద."

సచివాలయంలో వరస గుమ్మం దాటి రోడ్డు మీదకి వచ్చింది. ఇద్దరూ గొడుగు కింద గంటన్నర నిలబడ్డారు. మంగాయమ్మ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆవిడకి అలవాటు లేదు కాబట్టి ఆ గంటన్నర చాలా పొడుగ్గా గడిచింది. లోపల నతానియేలు కళ్లు ఎర్రగా ఉన్నాయి. వారం రోజులుగా సరిగా నిద్రలేని మనిషని చూడగానే తెలుస్తోంది.

"మొన్న ఒకటే అన్నారు, ఇవాళ వేరంటున్నారు. ఏది నిజమని రాయమంటారు మామ్మగారూ?"

"ఇవాళ చెప్పేది రాయి బాబూ. మొన్న భయపడి చెప్పాను."

"మీ దగ్గర అద్దె కాగితం ఉందా?"

"మా మధ్య కాగితాలెప్పుడూ లేవు."

"కరెంటు మీటరు?"

"ఒకటే."

"గ్యాస్ బుక్కు?"

"అది బండతోపాటు ఈదుకుంటా పోయిందయ్యా" అంది మంగాయమ్మ. డాబా దిగినప్పటి నుంచి ఆవిడ నోరు విప్పడం అదే మొదటిసారి.

అతను తల గోక్కున్నాడు. ఓనరు తన చేత్తో ఉత్తరం రాసివ్వాలన్నాడు. తర్వాత తను ఇంటికొచ్చి చూడాలి. "ఎంక్వయిరీలో మేము ముఖ్యంగా చూసేది పొయ్యండీ. ఒక పొయ్యి అయితే ఒక కుటుంబం. వేరే పొయ్యి కనబడాలి. నాలుగింటికి వస్తాను, ఇవాళ దాటితే సైటు మూసేస్తారు."

తెల్ల కాగితం ఇచ్చాడు. త్రిపురసుందరి చెక్క కుర్చీలో కూర్చుని, ఒళ్లో రిజిస్టరు పెట్టుకుని రాసింది. మంగాయమ్మ నా ఇంటి కింది భాగంలో ఆరేళ్లుగా అద్దెకుంటున్నది. అక్కడిదాకా పెన్ను బాగానే నడిచింది. ఇంకేం రాయాలన్నట్టు తలెత్తింది.

"మా కుటుంబ సభ్యులు కారు అని రాయండి" అన్నాడు నతానియేలు.

ఆవిడ పెన్ను కాగితం మీద ఆనించి ఆగింది. మంగాయమ్మ ఆవిడనే చూస్తోంది. వంగి, చెవి దగ్గర మెల్లగా అంది, "రాయండి. నేనేం అనుకోను."

రాసింది. అక్షరాలు కొంచెం వంకరపోయాయి, అంతే.

ఉత్తరానికి ముద్ర వేయించుకుని ఇంటికొచ్చేసరికి రెండున్నర. వండేది ఒక్క పొయ్యే, అదీ మేడ మీద. త్రిపురసుందరి చీర కుచ్చిళ్లు దోపుకుని స్టూలెక్కి, అటక మీద గుడ్డలో చుట్టి ఉన్న పాత సింగిల్ బర్నరు పొయ్యి దించింది. అది ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలోది. మణికుమార్‌ని పిలిచి, తమ రెండో గ్యాస్ బండ కిందికి దింపమంది. అతను బండ భుజాన వేసుకుని, "ఇప్పుడే ఎందుకండీ, గోడలింకా తడిగా ఉన్నయ్యి" అన్నాడు.

"తడిగా ఉంటే ఉండనీ. మీ వంట మీరు వండుకోండి" అంది ఆవిడ. ఇంటి నుంచి పొమ్మన్నట్టు వినిపించిందేమోనని వెంటనే, "నాలుగింటికి అతనొస్తాడు" అని చేర్చింది.

పొయ్యి తనే పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. గంగాదేవి ఎదురొచ్చి అందుకోబోతే ఇవ్వలేదు. కింది వంటగదిలో గట్టు మీద పాత పేపరు పరిచి, దాని మీద పొయ్యి పెట్టి, గొట్టం బిగించేదాకా అక్కడే నిలబడింది. ఉప్పు, పసుపు, కారం, నూనె, చింతపండు, తన డబ్బాల్లోంచి తీసి పొట్లాలు కట్టి తెచ్చింది. మంగాయమ్మ గంపలోంచి నాలుగు చేపలు తెచ్చి నీళ్లలో వేసి, చెయ్యి కడుక్కుని వచ్చి పొయ్యి ముందు నిలబడింది.

"మీరు వెలిగించండి" అంది.

"కుదరదు. నీ పొయ్యి నువ్వే వెలిగించుకోవాలి."

మంగాయమ్మ అగ్గిపుల్ల గీసింది. నీళ్లొచ్చాక ఆ గదిలో మంట వెలగడం అదే మొదటిసారి.

నతానియేలు అన్నట్టే నాలుగింటికి వచ్చాడు. అప్పటికి పులుసు తెర్లుతోంది. వాసన వీధిలోకి కూడా వెళ్లింది. అతను గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి, "ఇది పై ఇంటి వంట కాదని ఒప్పుకుంటానండీ" అన్నాడు. గది చూశాడు. గోడ మీద నడుంపైదాకా ఉన్న బురద గీత చూశాడు. తుప్పు పట్టిన స్టాండూ, ఉబ్బిన బీరువా తలుపూ రాసుకున్నాడు.

"చివరిగా అడుగుతున్నాను మామ్మగారూ. కలిసా, వేరా?"

"వేరు" అంది త్రిపురసుందరి.

అతను ఫోను తీసి కింది ఇంటి ముగ్గురినీ పొయ్యి పక్కన నిలబడమన్నాడు. మంగాయమ్మ కొంగు సర్దుకుంది, గంగాదేవి గరిటె పక్కన పెట్టింది. అతను ఫోనులోంచి తల పక్కకి తీసి, "మీరు కొంచెం ఇవతలికి రండి మామ్మగారూ. ఫోటోలో మీరు పడకూడదు" అన్నాడు.

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇంకొంచెం. మీ చెయ్యి పడుతోంది."

గడప దాటి వరండాలోకి వచ్చేసింది. లోపల ఫోను చప్పుడు చేసింది. ఫోటోలో మంగాయమ్మ ఫోనుకేసి కాకుండా గుమ్మంకేసి చూస్తోందని నతానియేలు ఇంకోటి తీశాడు. రెండోదాంట్లో కూడా అటే చూసిందట. టైము లేక అదే ఎక్కించాడు.

డబ్బు పన్నెండో రోజున మంగాయమ్మ ఖాతాలో పడింది. ఆ నెలాఖరుకి కంకిపాడు గదులు ఖాయమయ్యాయి. వెళ్లే రోజు బుధవారం. మణికుమార్ ఆటో రెండుసార్లు తిరిగితే సరిపోయేంత సామాను. కొత్త మోటారు పెట్టె గంగాదేవి ఒళ్లో ఉంది. ముందు రోజు నుంచీ త్రిపురసుందరికి అన్నం సయించలేదు. అయినా పడుకోలేదు. కిందికి దిగి గేటు పట్టుకుని నిలబడింది.

మంగాయమ్మ ఖాళీ గదులు ఊడ్చి, ఆఖర్న పొయ్యి పట్టుకుని బయటికొచ్చింది. తోమి తళతళలాడించింది.

"ఇదిగోండి. కాపురానికొచ్చినప్పటిది, భద్రంగా దాచుకోండి."

"ఆటోలో పెట్టు."

"మీదండీ."

"నాదెలా అవుతుంది? అది నీ పొయ్యని గవర్నమెంటు ఫోటో తీసుకుంది. నీ పేరు మీద ఎక్కింది. రేపెవరైనా ఎంక్వయిరీకొచ్చి మా ఇంట్లో చూస్తే నన్ను పట్టుకుపోతారు."

మంగాయమ్మ పొయ్యిని రెండు చేతులా గుండెకి ఆనించుకుని ఆటో ఎక్కింది. "వారానికి రెండుసార్లు ఈ వీధికే వస్తానండీ సరుకేసుకుని. బేరాలన్నీ ఇక్కడే ఉన్నయ్యి."

"మా ఇంటి దగ్గర మాత్రం కేకెయ్యకు. మేం తినం."

"కేకెయ్యకుండా వస్తే మీకెట్టా తెలుస్తదండీ?"

మణికుమార్ ఆటో స్టార్టు చేశాడు. త్రిపురసుందరి గేటు దాటి, ఆటో పక్కనే కొంచెం దూరం నడిచింది. మలుపు దగ్గర అతను ఆపబోయాడు. ఆపొద్దని చేత్తో సైగ చేసి, అక్కడే ఆగి, ఆటో పెద్ద రోడ్డెక్కేదాకా చూసింది. తర్వాత ఇంటికొచ్చి, కింది గదుల కిటికీలు రెండూ గాలికి తెరిచిపెట్టి, మాస్టారికి కాఫీ కలపడానికి మెట్లెక్కింది.